తొణకని చెంబు

ఆమె చేతులు వణికేవి. మాత్రల వల్ల. ఆ రోజుల్లో మాకు కొత్తగా అందిన పిచ్చి మందులు మనిషిని నిద్రపుచ్చేవి, కేకలు ఆపేవి. దానికి బదులు చేతులకు వణుకు, నోటికి జొల్లు, నడకకు మొద్దుతనం ఇచ్చి పోయేవి. అందుకని రోజూ పొద్దున్నే కుళాయి దగ్గర ఇత్తడి చెంబు నిండా నీళ్లు పట్టించి, వరండా ఆ కొస నుంచి ఈ కొసకు తొణక్కుండా మోయించేదాన్ని. ఒలికితే మళ్లీ మొదటి నుంచి.

"సెంబుడు నీళ్లు మొయ్యనేనిదానివి, రేపు పిల్లనెలా ఎత్తుకుంతావే?" అని కసిరేదాన్ని.

ఆమె మళ్లీ కుళాయి దగ్గరికి వెళ్లేది. పైట తడిసి ఒంటికి అంటుకుపోయేది. వార్డు ఆయమ్మ నన్ను తిట్టేది, పచ్చి ఒంటిదాన్ని పొద్దున్నే తడుపుతున్నానని. నేను వినేదాన్ని కాదు. నాకు నోరు పెద్ద, పట్టు అంతకంటే పెద్ద.

అది అరవైల చివర. విజయనగరం దగ్గర ఎవరో దాతలు కట్టించిన ధర్మాసుపత్రి. ఆడవాళ్ల వార్డు వెనక పెంకుల షెడ్డులో మతి చెడిన ఆడవాళ్ల కోసం కొన్ని మంచాలు వేశారు. ఒక పెద్ద డాక్టరు గారు వారానికి రెండుసార్లు వచ్చి చూసేవారు. మిగతా నర్సులకు అక్కడ డ్యూటీ పడితే ముఖాలు మాడిపోయేవి. నేను అడిగి మరీ వేయించుకున్నాను. నాదేదో దయాహృదయం అనుకునేరు, అదేం కాదు. మా నాన్నది శృంగవరపుకోటలో చింతపండు, బెల్లం కొట్టు. ముందు వార్డులో కాలు పెడితే చాలు, ప్రతి రోగీ "కొట్టోళ్ల పిల్లవి, నీకీ పనేటమ్మా? పెళ్లవనేదా?" అని మొదలుపెట్టేది. వెనక షెడ్డులో ఆ బాధ లేదు. అక్కడున్న ఆడవాళ్లు నన్ను వదినన్నారు, అమ్మోరన్నారు, ఒకామె అయితే సవతి అని జుట్టు పట్టుకుంది కూడా. పెళ్లి సంగతి మాత్రం ఒక్కరూ అడగలేదు.

చూడ్డానికొచ్చే జనానికి షెడ్డు ఒక వేడుక. కిటికీ దగ్గర నిలబడి, "పిచ్చి కుదిరింది, తలకు రోకలి చుట్టమన్నాడట" అని నవ్వుకునేవారు. ఆ సామెత పుట్టించినవాడు ఒక్క పూట మా షెడ్డులో పక్కగుడ్డలు ఉతికి ఉంటే నోరు మూసుకునేవాడు.

చెంబు మోసిన ఈమెను మాఘమాసం చలిలో తీసుకొచ్చారు. తల్లి, పెనిమిటి ఇద్దరూ నౌపడలో పాసింజరు ఎక్కించి, తువ్వాలుతో చేతులు కట్టి తెచ్చారు. ఇరవై ఏళ్లు నిండాయో లేదో. అత్తవారిది నరసన్నపేట పక్క పల్లె, వరి చేసుకునే కుటుంబం. తొలి కాన్పుకు నౌపడ దగ్గర పుట్టింటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. పురిటి మంచం మీద ఉండగానే కంటికి నిద్ర లేకుండా పోయింది. ఆ తర్వాత వాగుడు మొదలైంది. తెల్లారేసరికి ఇంట్లో ఉండేది కాదు, పొలాల వెంట పడి గట్లు తవ్వేది, ఉత్త చేతులతో. నేను మొట్టమొదట చేసిన పని ఆమె గోళ్లలో మట్టి తీయడం. రెండు గోళ్లు ఊడి ఉన్నాయి. వేడినీళ్లలో వేళ్లు నానబెట్టి, దూదితో ఒక్కొక్కటే శుభ్రం చేస్తుంటే నా ముఖంలో ముఖం పెట్టి చెప్పింది.

"పాతీసారప్పా. నా పిల్లని పాతీసారు."

మా వైపు అక్కను అప్ప అంటారు. వచ్చిన గంటలోనే నన్ను అప్ప చేసుకుంది.

డాక్టరు గారు ఆమె ఎదుటే తల్లిని అడిగారు, బిడ్డ ఎలా ఉందని. తల్లి ఒకసారి కూతురి వైపు చూసింది. "బాగున్నాది బాబూ. మా కోడలూ పిల్లతల్లే. అదే పాలిత్తన్నాది" అంది. పెనిమిటి నేల వైపు చూస్తూ నిలబడ్డాడు. అతనికి మాటలు తక్కువని అనుకున్నాను.

డాక్టరు గారు నన్ను పక్కకు పిలిచారు. "బిడ్డ చచ్చిపోయిందన్నదే ఈ అమ్మాయి జబ్బుకు వేరు. బాలింతల్లో ఇలాంటి భ్రమ చూస్తూనే ఉంటాం. మందు నేనిస్తాను. మీరు రోజూ ఓపిగ్గా ఆ భ్రమను తీయాలి. అరవకండి, ఎగతాళి చేయకండి. నిజం చెప్పండి, చెప్పిందే చెప్పండి" అన్నారు. మంచి డాక్టరు. రోగిని మీరు అనే పిలిచేవారు. ఆయన చెప్పింది నాకు వేదం.

అలా మొదలైంది మా పొద్దుటి పాఠం. ముఖం కడిగించి, జడ వేస్తూ నాలుగు ప్రశ్నలు అడిగేదాన్ని. ఇదే ఊరు? ఇయ్యాల ఏ వారం? నేనెవర్ని? నీ పిల్ల ఎక్కడున్నాది?

మొదటి మూడింటికీ ఏదో ఒక జవాబు వచ్చేది. నాలుగోదానికి ఎప్పుడూ ఒకటే.

"నేదు. సచ్చిపోనాది."

"నీకెవులు సెప్పారే?"

"ఎవులూ సెప్పనేదు. నాను సూసాను. ఆయన నూతికాడ తలారా తానం సేసి, ఆ తడిగుడ్డల్తోనే గుమ్మంలోకి వచ్చాడు. గోడకి పార ఆనించాడు. మాయమ్మ నోట్లో కొంగెట్టుకున్నాది."

నేను పకపకా నవ్వేదాన్ని. "పొలం నుండి వచ్చినోడు నూతికాడ తానం సెయ్యడా? మీ ఊర్లో మగోళ్లు తానం సేత్తే పిల్లలు సచ్చిపోతారేటి?" అనేదాన్ని. ఆమె తెల్లబోయేది. అలా తెల్లబోయినప్పుడల్లా పాఠం తలకెక్కుతోందని సంతోషపడేదాన్ని. కొట్టు మీద కూచుని బేరాలు విన్న పుట్టుక నాది. వాదనలో ఓడడం చేతకాదు.

మాత్రలతో కేకలు తగ్గాయి గానీ ఆ మాట తగ్గలేదు. చెంచా దొరికితే షెడ్డులో నేల గోకేది. అన్నం ముట్టేది కాదు. డాక్టరు గారు తలకు కరెంటు పెట్టాలన్నారు. ఇప్పటిలా మత్తిచ్చి పెట్టే కాలం కాదు. పళ్ల మధ్య రబ్బరు ముక్క పెట్టి, దవడ పట్టుకోవడం నా పని. ఆయమ్మ మోకాళ్ల మీద ఒరిగి పట్టుకునేది. ఒళ్లంతా విల్లులా లేచి పడేది. తర్వాత నోరు తుడిచి, తడిసిన చీర మార్చి, లేచేదాకా పక్కన కూచునేదాన్ని. కళ్లు తెరిచి, "అప్పా, నానెక్కడున్నాను?" అని అడిగేది. ప్రతిసారీ చెప్పేదాన్ని. అన్నం కలిపి ముద్దలు పెడితే తినేది. నేను అంతకుముందు ఎవరికీ అంత ఇష్టంగా ముద్దలు పెట్టలేదు.

కొన్ని కరెంట్లయ్యాక ఒక పొద్దున జడ వేస్తూ నేనే కదిపాను.

"నూతికాడ తానం సేసొచ్చాడన్నావు కదే మీ ఆయన?"

"ఎప్పుడప్పా?" అంది.

నిజంగానే గుర్తు లేదు. నాలుగో ప్రశ్న వేశాను. కాసేపు ఆలోచించి, "మాయమ్మ కాడ ఉన్నాది కావాల" అంది. కావాల అంటే అనుకుంటాను అని. ఆ కావాల ఊడిపోవడానికి ఇంకో పక్షం పట్టింది. ఆ తర్వాత అడగ్గానే చెప్పేది, బడిపిల్ల ఎక్కం అప్పజెప్పినట్టు. నేను డాక్టరు గారి దగ్గరికి పరిగెత్తినంత పని చేశాను. ఆయన నవ్వి, "మీ చేతి చలవ" అన్నారు. ఉద్యోగంలో చేరాక నేను విన్న మొదటి మెచ్చుకోలు అదే.

పాలు మాత్రం ఆరలేదు. కాన్పయి మూణ్ణెల్లు దాటినా రవిక తడుస్తూనే ఉండేది. ఆ మాత్రలకు ఆ గుణం కూడా ఉందని డాక్టరు గారు చెప్పారు. నాకది వరంలా తోచింది. తల్లి తేరుకుంటోంది, పాలున్నాయి, ఊళ్లో పిల్ల ఉంది. ఇంటికి వెళ్లాక పిల్లకు పాలు పట్టగలిగితే ఈమెకు ఇంకేం కావాలి? రోజూ ఆమె చేత పాలు పిండించి పారబోయించేదాన్ని, గడ్డ కట్టకుండా, ఊట పోకుండా. ఆమెకు నొప్పి పుట్టేది. "ఓర్సుకో. నీ పిల్ల కోసమే" అనేదాన్ని. ఆ మాటంటే చాలు, ఓర్చుకునేది.

తల్లి పదిహేను రోజులకోసారి వచ్చేది. చేతిలో ఒక సంచి, అందులో అరిటాకులో చుట్టిన మల్లెపూలు. నాలుగైదు మూరలుండేవి. తలలోకి అనుకున్నాను. కాదు. కూతుర్ని మంచం చాటుకు తీసుకెళ్లి, ఆ దండలు రొమ్ములకు అదిమి గుడ్డతో బిగించి కట్టేది. పాలు ఎండగట్టడానికి మా పల్లెల్లో చేసే పని అది. బిడ్డ పోయినవాళ్లకు కడతారు, పాలు మాన్పించేటప్పుడూ కడతారు. రెండోసారి కళ్లబడేసరికి నాకు ఒళ్లు మండిపోయింది. కట్టు లాగేసి, పూలు గచ్చు మీదికి విసిరికొట్టాను.

"నీ మనవరాలి నోటికాడ పాలు నువ్వే ఎండగడతావా? పిచ్చిదాని పాలు తాగితే పిల్లకీ పిచ్చెక్కుతాదని ఎవులు సెప్పారు నీకు? ఇంకోసారి పూలు తెచ్చావంటే గేటు దాటనివ్వను."

ఆమె గచ్చు మీద వంగి, ఒక్కొక్క పువ్వూ ఏరి సంచిలో వేసుకుంది. "అలగే తల్లీ" అంది. మొద్దు మనిషి అనుకున్నాను.

"ఈసారి వచ్చినప్పుడు పిల్లని తీసుకురా" అన్నాను.

"తెత్తాం తల్లీ. ఎండలు తగ్గనీ."

తర్వాతిసారి పిల్లకు పడిశం. ఆ పైసారి కోడలు పుట్టింటికి వెళ్లింది, పాలకోసం పిల్లను కూడా తీసుకెళ్లింది. నేను ఆయమ్మ దగ్గర ఆ తల్లిని నోటికొచ్చినట్టు తిట్టేదాన్ని. కన్నబిడ్డ కళ్ల ముందు తేరుకుంటుంటే పసిపిల్లను ఒక్క పూట రైల్లో తేలేని బండ గుండె అనేదాన్ని.

ఆమె మాత్రం తల్లిని ఏమీ అనేది కాదు. బాగా మారిపోయింది. తన స్నానం తానే చేసేది, పక్క మంచం ముసలామెకు తల దువ్వేది, ఆయమ్మతో పరాచికాలాడేది. "అప్పా, పిల్లకి నా పోలికేనేటి? నాకు సరిగ్గా గేపకం నేదు. ఎర్రగా ఉన్నట్టు గేపకం" అని అడిగేది. "పేరెట్టీసారేటో" అని బెంగపడేది. తల్లిని అడిగితే, "నువ్వు నేకుండా ఎలగెడతామే? నువ్వొచ్చేకే" అందట. ఆ రోజంతా ఆమె వరండాలో పేర్లు వల్లించుకుంటూ తిరిగింది. తనకు నచ్చినవి నా చెవిలో చెప్పేది. వాటిలో రెండు నాకూ నచ్చాయి.

ఇక మిగిలిందల్లా చేతుల వణుకు. పిల్లను జారవిడుస్తానేమోనని ఆమెకు ఒకటే భయం. చెంబు పాఠం అలా వచ్చింది. మొదట్లో సగం నీళ్లు దారిలోనే పోయేవి. డాక్టరు గారు మాత్ర కొంచెం తగ్గించారు. రోహిణి ఎండలు ముదిరేసరికి అంచు దాకా నింపిన చెంబును రెండు చేతులా పట్టుకుని, చుక్క ఒలక్కుండా వరండా కొసకు తెచ్చి నా కాళ్ల దగ్గర పెట్టింది. నేను ఆమెను కావిలించుకున్నాను. నర్సులు అలాంటి పనులు చేయకూడదు. చేశాను.

డాక్టరు గారు వచ్చి నాలుగు ప్రశ్నలూ స్వయంగా అడిగారు. అన్నిటికీ చక్కగా చెప్పింది. కుదిరిందని రాసి, ఇంటికి పంపించమన్నారు. కబురు పెడితే లక్ష్మివారం పొద్దున తల్లి, పెనిమిటి వచ్చారు. పిల్లను తేలేదు. ఎలాగూ సాయంత్రానికి తనే చేరుతుంది కదా అని నేను ఊరుకున్నాను.

ఆమె తల్లిని వరండా మెట్ల మీద కూచోబెట్టి, "అమ్మా, సూడు" అని కుళాయి దగ్గరికి వెళ్లింది. చెంబు నింపి, నెమ్మదిగా అడుగులో అడుగు వేసుకుంటూ వస్తోంది. చూపు నీళ్ల మీదే.

"ఏటి సేత్తన్నాది తల్లీ?" అని తల్లి నన్నడిగింది.

"చేతుల వణుకు పోవడానికి. పిల్లని ఎత్తుకోవాలి కదా, జారిపోకుండా" అన్నాను. కొంచెం గొప్పగానే అన్నాను.

తల్లి మెట్ల మీద అలాగే పక్కకు ఒరిగిపోయింది. కళ్లు తిరిగాయనుకుని పట్టుకున్నాను. నా చేయి గట్టిగా పట్టుకుని, కూతురికి వినపడకుండా, గొంతులోంచి గాలి పోయినట్టు చెప్పింది.

"పిల్ల నేదమ్మా. పురుడెల్లకుండానే పోనాది. దవడ బిగిసీసి, పాలట్టక, నీలుక్కుపోయి పోనాది."

దవడ బిగుసుకోవడం అంటే ఏమిటో నాకు తెలుసు. బొడ్డు కోసిన కొడవలి వల్ల వచ్చే ధనుర్వాతం అది. అబద్ధం చెప్పేవాళ్లకు ఆ లక్షణాలు తోచవు.

ఆమెను మంచం దగ్గర మూట కట్టుకోమని పంపించి, తల్లిని వార్డు వెనక్కు లాక్కుపోయాను. లాక్కుపోయాననే చెప్పాలి. ఎందుకు చెప్పలేదని అడిగాను. ఎంత గట్టిగా అరిచానో, ముందు వార్డు కిటికీల్లోకి తలలు వచ్చాయి.

"పచ్చి బాలింతకి సావు కబురు సెప్పకూడదు తల్లీ. సెప్తే పాలు ఇరిగి తలకెక్కుతాయంతారు. మాయత్త కాలం నుండీ అంతే. ఇంట్లో అందరం ఒట్టెట్టుకున్నాం, ఐదో నెల దాటీదాకా నోరిప్పకూడదని. డాట్రుబాబు దాని ముందరే అడిగినారు. దాని ముందర ఏటి సెప్పీది?"

"తర్వాత నాకైనా చెప్పొచ్చు కదా. చాటుగా."

"నీకు సెప్తే నీ మొకంలో తెలిసిపోతాది. అది రోజంతా నీ మొకమే సూత్తాది కదమ్మా."

ఆమె చెప్పినదాంట్లో తప్పు పట్టడానికి ఒక్క మాట దొరకలేదు. నా ముఖంలో తెలిసిపోయేదే. తల్లి కూతురి ప్రాణం కాపాడ్డానికి అబద్ధం చెప్పింది. డాక్టరు గారు ఆ అబద్ధాన్ని నమ్మి వైద్యం చేశారు. నేను ఆ వైద్యాన్ని నమ్మి నిజాన్ని ఆమె తలలోంచి పీకి పారేశాను. ఎవరిని చూసినా ఆమె మంచికోరే చేశారు. తిట్టడానికి ఒక్క దుర్మార్గుడు దొరికినా నాకు ఊపిరాడేది.

డాక్టరు గారు ఆ రోజు ఆసుపత్రిలోనే ఉన్నారు. చెప్పాను. "కుదిరిందని రాశానమ్మా. ఏం కుదిరినట్టు?" అన్నారు. ఇక్కడే చెప్పాలన్నాను నేను. రైలు దిగి, ఇంట్లోకి వెళ్లి, ఉయ్యాల కోసం వెతుక్కునేలోపు చెప్పాలన్నాను. ఆయన తలూపి, "మీరే చెప్పండి. మీ మాట వింటుంది" అన్నారు.

ఆమె మంచం మీద మూట పక్కన పెట్టుకుని కూచుంది. తల దువ్వుకుని, బొట్టు పెట్టుకుంది. నేను పక్కన కూచుని రెండు చేతులూ పట్టుకున్నాను. తల్లి, పెనిమిటి గుమ్మంలో నిలబడ్డారు.

"ఒసే, నా మాట విను. నీ పిల్ల నేదే. పురిట్లోనే పోనాది. నువ్వు మొదట్నుండీ సెప్పిందే నిజం. నాకు తెలీదే" అన్నాను.

ఆమె నన్ను చూసింది. కంగారు పడలేదు. చిన్నగా నవ్వింది కూడా.

"అడుగప్పా, సెప్తాను. ఇది ఇజీనారం. ఇయ్యాల లచ్చివారం. నువ్వు మా నర్సప్పవి. నా పిల్ల మాయమ్మ కాడ ఉన్నాది."

ఆఖరి పరీక్ష అనుకుంది. అప్పజెప్పి, ఎప్పటిలా నేను భుజం తడతానని నా వైపు చూస్తూ కూచుంది.

తల్లి ముందుకు వచ్చి, నిజమేనమ్మా, నిజమేనని ఏడుస్తూ కాళ్ల దగ్గర కూలబడింది. ఆమె తల్లిని ఓదార్చబోయింది. "అది రోగం మాటే అమ్మా. నాకూ అలగే వచ్చీది. నీళ్లు తాగితే తగ్గిపోతాది" అంది. నన్ను నీళ్లు తెమ్మంది. నేను కదల్లేదు. మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. అప్పుడు గుమ్మంలో ఉన్న పెనిమిటి వైపు తిరిగింది.

"ఓ పాలి నువ్వు నూతికాడ తలారా తానం సేసి, తడిగుడ్డల్తో వచ్చావేటి? గోడకి పార ఆనించావేటి? నాను కలనుకున్నాను."

అతను తలూపాడు. "ఉప్పుమళ్ల అవతల ఇసకదిబ్బలో పెట్టాను. నిన్ను కట్టీసి తెచ్చినప్పుడు దారంతా సెప్పీద్దామనే అనుకున్నాను. ఎవులైనా సెప్పమంతారేమోనని సూసాను" అన్నాడు. ఆసుపత్రిలో అతను నోరు విప్పడం నేను విన్నది అప్పుడే.

ఆమె ఏడవలేదు. అరవలేదు. ఏడుస్తుందని, పట్టుకోవాలని నేను సిద్ధంగా ఉన్నాను. నా చేతుల్లోంచి తన చేతులు తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. అంతే. కాసేపయ్యాక తల్లి లేవమంటే లేచింది, నడవమంటే నడిచింది. మాత్రలు ఎలా వేయాలో తల్లికి చెప్పాను. గేటు దాకా వెళ్లాను. "ఎల్లొస్తానప్పా" అంటుందేమోనని నిలబడ్డాను. వాళ్లు స్టేషను దారి పట్టారు.

వానాకాలంలో, నాట్లు అయ్యాక మళ్లీ తీసుకొచ్చారు. ఈసారి చేతులు కట్టలేదు. కట్టవలసిన అవసరం లేదు. "తవ్వదు, పరిగెట్టదు, ఏడవదు. పెడితే తింతాది. ఎవులేటి సెప్పినా నమ్మదు తల్లీ. ఆకరికి నాను అమ్మనన్నా నమ్మదు" అంది తల్లి. డాక్టరు గారు కరెంటు మాట ఎత్తలేదు. నేనూ నాలుగు ప్రశ్నలు అడగలేదు. ఏ ముఖం పెట్టుకుని అడగను?

తల్లి చెప్పింది నిజమే. మాత్ర చేతిలో పెట్టి మాత్ర అంటే, విరిచి వాసన చూసేది. అన్నం అంటే మెతుకులు వేళ్లతో నలిపి చూసేది. ఆయమ్మ వచ్చి మీ అమ్మ వచ్చిందంటే, వచ్చినామె ముఖాన్ని తడిమి, చెవి పోగులు పట్టుకుని చూసి, అప్పుడు కూచోనిచ్చేది. అప్పా అని పిలవలేదు. నేను స్నానం చేయించేదాన్ని, జడ వేసేదాన్ని. పాలు పూర్తిగా ఇంకిపోయాయి. నా డ్యూటీ అయిపోయాక కూడా ఆమె మంచం దగ్గర కూచునేదాన్ని. ఏం చేయాలో తెలియక కూచునేదాన్ని. మందు ఉన్న జబ్బయితే మందు వేద్దును. ఆమెకు జబ్బు లేదు. మనిషి మాట మీద నమ్మకం పోయింది, అంతే. అది ఏ సీసాలోనూ దొరకదు. నేను ఆ తర్వాత ఎన్నో ఏళ్లు పనిచేశాను, ఎందరికో చేశాను. ఇంత నిరాశ ఇంకెప్పుడూ పడలేదు.

ఒక మధ్యాహ్నం పెద్ద వాన పట్టుకుంది. పెంకుల మీద హోరు. ఆమె వరండా అంచున కూచుని ఉంది, జల్లు కాళ్ల మీద కొడుతోంది, చీర కుచ్చెళ్లు తడిసిపోతున్నాయి. నేను గుమ్మంలోంచి పిలిచాను.

"వాన పడతన్నాది. లోపలికి రాయే."

ఆమె తల తిప్పి నా ముఖంలోకి చూసింది. చూసి, చూరు కిందకు చేయి చాపింది. అరచేతిలో నీళ్లు నిండాయి. వాటిని కళ్ల దగ్గరగా తెచ్చుకుని చూసింది, నాలికతో తాకి చూసింది. అప్పుడు లేచి లోపలికి వచ్చింది.